బ్యాటరీ బండికి ఏ మోటార్? నెల్లూరు, ఒంగోలు దారుల్లో రోజూ తిరిగేవాళ్లు ఎంచుకునే పద్ధతి

నేను మోటార్లు చుట్టి బతికేవాణ్ణి. రొయ్యల గుంటల ఎయిరేటర్లు, బోరు మోటార్లు, పిండిమర మోటార్లు కాలిపోయి షాపుకొస్తాయి. విప్పి, నల్లబడిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి పంపుతాను. కొన్నేళ్లుగా వాటి మధ్యలో ఒక కొత్త ప్రశ్న కూడా వస్తోంది. "అన్నా, బ్యాటరీ బండి కొందామనుకుంటున్నా. చక్రంలో మోటార్ ఉండేది మంచిదా, బెల్టుది మంచిదా?"

"రోజూ ఏ దారిన పోతావు?" అని నేను తిరిగి అడుగుతాను. ఇదేం మెలిక అన్నట్టు చూస్తారు. నిజానికి సగం జవాబు అందులోనే ఉంది. మిగతా సగం, బండి చెడితే విప్పగలిగినవాడు మీకు ఎంత దూరంలో ఉన్నాడన్నది. మోటార్ రకం వీటి తర్వాతే.

మొదటి అడుగు: వారం రోజులు మీ దారిని రాసుకోండి

షోరూముకు పోకముందే ఒక చీటీ మీద రాయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు? వెనక ఎవరైనా కూర్చుంటారా, ఎంత దూరం? సరుకుల మూట, గ్యాస్ బండ లాంటివి మోస్తారా? దారిలో ఫ్లైఓవర్లు ఎన్ని, అండర్ బ్రిడ్జీలు ఎన్ని? హైవే మీద ఎంతసేపు?

వేదాయపాళెం నుంచి వీఆర్సీ సెంటర్‌కు పోయి వచ్చేవాడిదీ, నెల్లూరు నుంచి రోజూ ముత్తుకూరు పోయేవాడిదీ ఒకే ఊరు కావచ్చు, ఒకే బండి మాత్రం కాదు. మొదటివాడు నలభై దాటడమే అరుదు. రెండోవాడు లారీల పక్కన అరవైలో పోవాలి. ఒంగోలులో కర్నూలు రోడ్డు మీదే తిరిగే టీచరమ్మకూ, అక్కణ్ణుంచి చీమకుర్తి గ్రానైట్ క్వారీకి పోయే సూపర్‌వైజర్‌కూ ఇదే తేడా.

ఎంత బలం పడుతుందో ఒక లెక్క చెబుతాను. బండి, నడిపేవాడు, వెనక కూర్చున్నవాడు కలిపి 250 కిలోలు అనుకుందాం. చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చక్రం దగ్గర సుమారు 0.9 కిలోవాట్ చాలు. అదే వేగంతో నూరు అడుగులకు అయిదు అడుగులు లేచే ఫ్లైఓవర్ ఎక్కాలంటే సుమారు 2.3 కిలోవాట్లు కావాలి. మళ్లీ చదును మీదకే వచ్చి 60 వేగంతో పోయినా దాదాపు అంతే, 2.3 కిలోవాట్లు. ఆ వేగంలో గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం అలాంటిది.

కోస్తా వైపు మన నేల బల్లపరుపు. ఇక్కడ కొండ కంటే వేగమే బ్యాటరీని తినేస్తుంది. 40 నుంచి 60కి పెంచితే కిలోమీటరుకు పట్టే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మే నెలలో పడమటి గాలికి ఎదురుపోయేవాళ్లకు ఇంకా ఎక్కువ. మార్కాపురం, గిద్దలూరు వైపువాళ్లకు, ముఖ్యంగా నల్లమల ఘాట్ రోడ్ల మీద పోయేవాళ్లకు, ఎక్కుడు కూడా లెక్కలోకి వస్తుంది.

రెండో అడుగు: మోటార్ ఎక్కడ ఉందో, ఎట్ట తిరుగుతుందో తెలుసుకోండి

మన ఇంటి సీలింగ్ ఫ్యాన్ చూడండి. నడిమి భాగం కదలదు, రాగితీగ దానికే చుట్టి ఉంటుంది. పైనున్న డబ్బా రెక్కలతో సహా తిరుగుతుంది. చక్రంలోనే ఉండే మోటార్‌ను హబ్ మోటార్ అంటారు, అది కూడా ఇట్లాంటిదే. ఇరుసు బండికి బిగించి ఉంటుంది, రాగి చుట్టలు దాని మీదే. వాటి చుట్టూ అయస్కాంతాలు అతికించిన డబ్బా తిరుగుతుంది, ఆ డబ్బానే చక్రం. గేరు, గొలుసు, బెల్టు ఏవీ లేవు. అరిగే భాగం అంటే బేరింగులే.

రెండో రకాన్ని మిడ్ డ్రైవ్ అంటారు. ఇది పిండిమర పద్ధతి. మోటార్ ఒకచోట వేగంగా తిరుగుతుంది, ఆ తిరుగుడును బెల్టో, గొలుసో, గేర్ల పెట్టో తగ్గించి చక్రానికి అందిస్తుంది. వేగం ఎన్ని రెట్లు తగ్గితే తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే చిన్న మోటారే గట్టిగా లాగుతుంది.

టీవీఎస్ ఐక్యూబ్‌లో హబ్ మోటార్ ఉంటుంది. ఏథర్ 450లో మోటార్ నడుమ ఉండి పంటి బెల్టుతో చక్రాన్ని తిప్పుతుంది. కొన్ని కంపెనీలు ఒక మోడల్‌కు హబ్, ఇంకో మోడల్‌కు మిడ్ డ్రైవ్ పెడతాయి, ఏడాది తిరిగేసరికి మారుస్తాయి కూడా. అందుకని పేరును బట్టి ఊహించుకోవద్దు, బండి పక్కన కూర్చుని వెనక చక్రాన్ని చూడండి. చక్రం నడుమ పెద్ద పళ్లెం లాంటి డబ్బా ఉండి, దాని ఇరుసులోంచి లావు తీగలు బయటికొస్తుంటే అది హబ్.

ఇక నా వృత్తి మాట. రాగి వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు పోతే ఆ అడ్డు దాదాపు 30 శాతం పెరుగుతుంది, దానివల్ల ఇంకా వేడెక్కుతుంది. హబ్ మోటార్‌లో రాగి లోపల ఇరుక్కుపోయి ఉంటుంది. ఆ వేడి అయస్కాంతాలకూ రాగికీ మధ్యనున్న గాలి సందు దాటి డబ్బా మీదకు రావాలి. మిడ్ డ్రైవ్‌లో సాధారణంగా రాగి బయటి గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి వేడి నేరుగా బయటికి పోతుంది. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ఇద్దరితో ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగి ఆగి ఎక్కితే ఈ తేడా తెలుస్తుంది. మోటార్ కాలిపోకుండా కంట్రోలరే, అంటే మోటార్‌కు కరెంటు ఎంత పంపాలో చూసే పెట్టే, బలం తగ్గించేస్తుంది. బండి నీరసపడినట్టు అనిపిస్తుంది, చల్లబడితే మామూలవుతుంది. చదును రోడ్డు మీద ఒక్కరే పోయేవాళ్లకు ఈ సమస్య ఎదురవదు.

బ్రోచర్లో బీఎల్‌డీసీ, పీఎంఎస్ఎం అని రెండు పేర్లు కనిపిస్తాయి. రెండూ బ్రష్షులు లేని, అయస్కాంతాలున్న మోటార్లే. రెండోది కాస్త నున్నగా, చప్పుడు తక్కువగా తిరుగుతుంది. ఈ పేర్ల కోసం డబ్బు ఎక్కువ పెట్టొద్దు, నడిపి చూస్తే తెలిసిపోతుంది.

మూడో అడుగు: బ్రోచర్లో రెండు అంకెల దగ్గర ఆగండి

మొదటిది కిలోవాట్లు. పెద్ద అక్షరాల్లో వేసేది పీక్ పవర్, అంటే కొన్ని క్షణాలు ఇవ్వగలిగేది. ఎడతెగకుండా ఇవ్వగలిగేదాన్ని రేటెడ్ లేదా కంటిన్యువస్ అంటారు. ఐక్యూబ్‌కు రేటెడ్ 3, పీక్ 4.4 కిలోవాట్లు. రోజూ హైవే మీద పోయేవాళ్లు రేటెడ్ అంకెనే అడగాలి. ఇందాకటి లెక్క ప్రకారం ఇద్దరితో 60లో పోవాలంటే చక్రం దగ్గరే 2.3 పడుతుందని గుర్తుంది కదా.

రెండోది టార్క్, అంటే తిప్పే బలం. మా షాపులో ఒకాయన ఫోన్ చూపించి, "దీనికి 140 న్యూటన్ మీటర్లంట, దానికి 26 అంట. అయిదు రెట్లు తేడా అన్నా!" అని ఆశ్చర్యపోయాడు. 140 అన్నది ఐక్యూబ్ హబ్ మోటార్ చక్రం దగ్గరే ఇచ్చేది. 26 అన్నది ఏథర్ 450ఎక్స్‌లో మోటార్ ఇరుసు దగ్గరిది, బెల్టు తగ్గింపు ఇంకా కలవలేదు. ఉదాహరణకు మోటార్ దగ్గర 20 ఉండి, తగ్గింపు ఎనిమిది రెట్లయితే చక్రానికి చేరేది 160. "ఇది చక్రం దగ్గరా, మోటార్ దగ్గరా?" అని అడగండి. షోరూమ్ కుర్రాడు తడబడితే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

నాలుగో అడుగు: నీళ్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. గట్టి వాన పడితే నెల్లూరులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జీల్లో నీళ్లు నిలవడం అందరికీ తెలిసిందే. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవేనే తెగింది.

స్కూటర్ చక్రం 12 అంగుళాలదైతే ఇరుసు నేల నుంచి దాదాపు 23 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే జానెడు. హబ్ మోటార్ డబ్బా అడుగుభాగం ఇంకా కిందే. మిడ్ డ్రైవ్‌లో చాలా వాటికి మోటార్ అంతకంటే పైన ఉంటుంది.

కంపెనీలు ఐపీ 67 అని రాస్తాయి. మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచినా లోపలికి చెమ్మ పోకూడదని ఆ పరీక్ష. అబద్ధమేమీ కాదు. కానీ పరీక్షకు పెట్టేది కొత్త మోటార్. మీరు ఎనిమిది కిలోమీటర్లు నడిపాక మోటార్ వేడిగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. చల్లటి నీళ్లలో దించగానే ఆ గాలి కుంచించుకుని, అరిగిన సీలు పక్కనుంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. బోరు మోటార్లలో, ఎయిరేటర్లలో నేను రోజూ చూసే సంగతే ఇది.

మా బావమరిది తన హబ్ బండిని ఒక నవంబర్ సాయంత్రం అండర్ బ్రిడ్జి నీళ్లలో దించాడు. దాటింది, ఇంటికొచ్చింది. మూడో రోజు పొద్దున కదలబోతే కొట్టుకుంది, ముందుకూ పోదు, వెనక్కీ పోదు. హాల్ సెన్సార్ల దగ్గర తుప్పు. అయస్కాంతం ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పే మూడు చిన్న ముక్కలవి. వస్తువు చవకే, కానీ కంపెనీవాళ్లు సెన్సార్ మార్చరు, మోటార్ చక్రం మొత్తం మారుస్తామన్నారు. నీళ్లలో దించారు కాబట్టి వారంటీ లేదన్నారు. రెండు వారాలు వాడు ఆటోలో తిరిగాడు.

నా మాట ఇది. మీ దారిలో తప్పించుకోలేని అండర్ బ్రిడ్జి ఉంటే మిడ్ డ్రైవ్ వైపు మొగ్గండి. హబ్ కొన్నారా, నీళ్లు జానెడు దాటితే వెనక్కి తిరగండి. ఏ రకమైనా సరే, నీళ్లలో దిగిన బండికి ఆ రాత్రి చార్జింగ్ పెట్టొద్దు. ప్రెషర్ వాటర్‌తో కడిగేటప్పుడు ఇరుసు దగ్గర తీగ బయటికొచ్చే చోటును సూటిగా కొట్టనివ్వొద్దు. వానలో కంటే కడుగుడులో పోయిన మోటార్లు నా దగ్గరికి ఎక్కువొచ్చాయి.

అయిదో అడుగు: పంక్చర్ షాపుకు పోయి అడగండి

బండి కొనకముందే ఈ పని చేయాలి, ఎవరూ చేయరు. మామూలు పంక్చర్‌కు సమస్య లేదు, ట్యూబ్‌లెస్ టైరుకు చక్రం ఊడదీయకుండానే దారం పెట్టేస్తారు. టైరు మార్చాల్సి వచ్చినప్పుడే కథ. హబ్ మోటార్ చక్రం ఊడదీయాలంటే మోటార్ తీగల కనెక్టర్లు విడదీయాలి, ఇరుసు నట్లు విప్పాలి, ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లను మళ్లీ అదే వరసలో వేయాలి. తీగ ఇరుసులోంచే వస్తుంది, తొందరపడి లాగితే తొడుగు తెగుతుంది. మిషన్ మీద టైరు ఊడగొట్టేటప్పుడు డబ్బా మీద బరువు పడినా ప్రమాదమే.

మీ వీధి చివర పంక్చర్ కుర్రాణ్ణి అడగండి: "చక్రంలో మోటార్ ఉండే బండికి టైరు మార్చావా?" మార్చానంటే మంచిదే. "దాన్ని నేను ముట్టనన్నా" అంటే సర్వీస్ సెంటర్ ఎంత దూరమో చూసుకోండి. నెల్లూరు టౌన్‌లో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం. పొదలకూరు, ఉదయగిరి వైపువాళ్లకు ఒక పూట పని.

గుంతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హబ్ మోటార్ బరువంతా షాక్ అబ్సార్బర్‌కు కింద ఉంటుంది కాబట్టి ప్రతి గుంతకీ వెనక చక్రం గట్టిగా దెబ్బ తింటుంది, వెనక కూర్చున్నవాళ్లకు నడుం తెలుస్తుంది. రిమ్ము, మోటార్ డబ్బా ఒకటిగా పోత పోసినవైతే, రిమ్ము వంగిందంటే మోటార్‌కే ఎసరు. గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో రోజూ పోయేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఆరో అడుగు: దుమ్ము, ఉప్పుగాలి

మిడ్ డ్రైవ్‌కు కూడా కష్టాలున్నాయి. బెల్టుకు నూనె అక్కర్లేదు, చప్పుడు చేయదు, కానీ దాని పళ్ల మధ్య రాయి ఇరుక్కుంటే పళ్లు తెగుతాయి. చీమకుర్తి వైపు పోయేవాళ్లు వారానికోసారి వంగి చూసుకోవాలి. గొలుసు రకం రాళ్లకు తట్టుకుంటుంది, చవక కూడా, కాకపోతే దుమ్ములో త్వరగా అరుగుతుంది, నూనె పెడుతూ బిగించుకుంటూ ఉండాలి. గేర్ల పెట్టె మూసి ఉంటుంది కాబట్టి దుమ్ముకు భయం లేదు, సన్నటి ఈల లాంటి చప్పుడు మాత్రం ఉంటుంది.

మైపాడు, ఇస్కపల్లి, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి గొలుసు, కనెక్టర్ల పిన్నులు ముందు పోతాయి. అక్కడివాళ్లకు హబ్ గానీ, మూసిన గేర్ల పెట్టె గానీ నేను చెప్పేది.

ఏడో అడుగు: నడిపి చూడటం, షోరూమ్ చుట్టూ కాదు

ఇంట్లో బరువైన మనిషిని ఒకరిని వెంట తీసుకుపోండి. ఇద్దరూ ఎక్కి ఫ్లైఓవర్ సగంలో ఆపండి. అక్కణ్ణుంచి మళ్లీ లాగండి. గుంజకుండా, వెనక్కి జారకుండా కదిలిందా? తర్వాత నడిచే వేగంతో ఒక రెండొందల గజాలు పోండి. ట్రంక్ రోడ్డులో సాయంత్రం ఆరింటికి మీరు నడపబోయేది ఆ వేగంతోనే. యాక్సిలరేటర్ ముట్టగానే ఎగిరిపడితే కొత్తగా నేర్చుకునే ఇంటివాళ్లకు టెన్షన్.

ఆ తర్వాత బండి ఆపేసి చేత్తో తోయండి. గేరు లేని హబ్‌లో అయస్కాంతాల వల్ల కాస్త పట్టు తెలుస్తుంది, అది మామూలే. బాగా బిగుసుకుని ఆగి ఆగి తిరుగుతుంటే మాత్రం ఆ బండి వద్దు, లోపల తీగలు గానీ కంట్రోలర్ గానీ షార్ట్ అయి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు ఈ ఒక్క పరీక్షే చాలా డబ్బు మిగులుస్తుంది.

బ్రేక్ వేస్తే బ్యాటరీ నిండుతుందని గొప్పగా చెబుతారు. బల్లపరుపు నేల మీద తిరిగి వచ్చేది కొంచెమే. ఘాట్ దిగేవాళ్లకు ఉపయోగం, బ్రేకులు వేడెక్కకుండా కూడా కాపాడుతుంది.

ఎనిమిదో అడుగు: డబ్బు లెక్క

3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండటానికి గోడ దగ్గర మూడున్నర యూనిట్లు అనుకోండి. యూనిట్ ఆరు రూపాయల స్లాబులో ఉన్నా 21 రూపాయలు. దాంతో 80 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు పావలా పైన ఒకట్రెండు పైసలు. హబ్‌కూ మిడ్ డ్రైవ్‌కూ మధ్య కరెంటులో పది శాతం తేడా ఉందనే అనుకుందాం. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున మూడొందల రోజులు తిరిగితే ఏడాదికి తేడా రెండొందల యాభై రూపాయల లోపే. ఒక్క టైరు ఖరీదు కూడా కాదు. "మాది ఎఫిషియెన్సీ ఎక్కువ సార్" అంటే తల ఊపి, వారంటీ కాగితం అడగండి.

ఆ కాగితంలో మోటార్‌కు విడిగా ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు రాశారు? బెల్టు, గొలుసు, బేరింగులు వారంటీలో ఉన్నాయా, అరిగే సామాన్ల కింద తీసేశారా? నీళ్ల మాట ఏ పదాల్లో ఉంది? మోటార్ చక్రం మొత్తం మార్చాల్సి వస్తే ఎంతవుతుందో సర్వీస్ సెంటర్లోనే అడగండి, సేల్స్ బల్ల దగ్గర కాదు.

సైకిల్ కొనేవాళ్లకు

కాలేజీ పిల్లలకు, పక్క వీధి కొట్టుకు పోయే పెద్దవాళ్లకు ఎలక్ట్రిక్ సైకిల్ చాలు. మోటార్ 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకపోతే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. వీటిలో ఎక్కువ వాటికి గేర్లున్న చిన్న హబ్ ఉంటుంది. లోపల నైలాన్ పళ్ల చక్రాలు, ఒక క్లచ్. తేలిక, బాగా లాగుతుంది, బ్యాటరీ అయిపోతే మామూలు సైకిల్లా తొక్కుకుంటూ పోవచ్చు. పళ్లు అరిగితే గరగరమంటుంది. పెడల్ దగ్గర మోటార్ ఉండే మిడ్ డ్రైవ్ సైకిళ్లు కొండలకు గొప్పవి, మన కోస్తా నేలకు ఆ ఖర్చు దండగ. "వేగాన్ని ఆపే వైరు కత్తిరిస్తే నలభై పోతుంది" అని ఎవరైనా ఆశపెడితే వినొద్దు. ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని మోటార్ బండి, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా ఉండదు.

ఇక మీ చీటీ తీయండి

రోజుకు ముప్పై కిలోమీటర్ల లోపు, ఎక్కువగా ఒక్కరే, చదును రోడ్డు, నీళ్లు నిలిచే చోటు లేదు: హబ్ తీసుకోండి, మిగిలిన డబ్బు పెద్ద బ్యాటరీకి పెట్టండి. నెల్లూరు, ఒంగోలు టౌన్లలో తిరిగే ఎక్కువమందికి నేను ఇదే చెబుతాను. వెనక రోజూ మనిషి, మూట, హైవే, ఘాట్, వీటిలో ఏ రెండు ఉన్నా, లేదా తప్పించుకోలేని అండర్ బ్రిడ్జి ఒక్కటున్నా మిడ్ డ్రైవ్. సర్వీస్ సెంటర్ యాభై కిలోమీటర్ల అవతల ఉంటే పై రెండు మాటలూ పక్కనపెట్టి, మీ ఊళ్లో ఇప్పటికే నాలుగు తిరుగుతున్న బండేదో అదే కొనండి. దాన్ని విప్పడం అక్కడ ఎవడో ఒకడు నేర్చుకునే ఉంటాడు.

బండి ఇంటికొచ్చిన రోజు వెనక చక్రం పక్కన కూర్చుని, తీగ ఇరుసులోంచి ఎక్కడ బయటికొస్తుందో, బెల్టు ఎంత బిగువుగా ఉందో ఫోన్‌తో రెండు ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు ఎవరైనా విప్పి మళ్లీ బిగించినప్పుడు పక్కన పెట్టి చూసుకోవచ్చు.